జాబితాలో లేనివాళ్ళు

నరసరావుపేటకు కొంచెం దూరంలో, మిరప చేల మధ్య ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా, ప్రొజెక్టర్ వెలగకపోయినా, ప్రిన్సిపాల్ గారి ఫోన్ ఫోటోలతో నిండిపోయినా కబురు నాకే వస్తుంది. నా అసలు పని మాత్రం ఒక లైనక్స్ సర్వర్. పిల్లలు ల్యాబ్‌లో ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా ఆ సర్వర్‌లోకే లాగిన్ అవుతారు. ఒక్కొక్కరికి ఒక ఖాతా, ఒక పాస్‌వర్డ్, ఫైళ్ళు దాచుకోవడానికి ఒక ఫోల్డర్.

ఆ ఖాతాలు ఏళ్ళ తరబడి చేత్తోనే తెరిచాను. కొత్త బ్యాచ్ వచ్చిందంటే నాకు రెండు వారాలు మెడ నొప్పి. ఆఫీసు ఇచ్చిన జాబితా పక్కన పెట్టుకుని, ఒక్కో రోల్ నంబర్ కొట్టి, బ్రాంచి చూసి గ్రూపులో చేర్చి, మొదటి పాస్‌వర్డ్ పెట్టి, మళ్ళీ కింది వరుసకు రావాలి. వందో పేరు దగ్గరకు వచ్చేసరికి కళ్ళు వరుస తప్పేవి. ఒకరి నంబర్ ఇంకొకరికి పడేది. మర్నాడు పొద్దున్నే ల్యాబ్ తలుపు దగ్గర గుంపు. "మేడం, లాగిన్ అవట్లేదు." ఆ మూడు మాటలు నేను నిద్రలో కూడా విన్నాను.

ఒక వేసవిలో విసిగిపోయి స్క్రిప్టు, అంటే ఆ పని దానంతట అదే చేసే చిన్న ప్రోగ్రాము, రాశాను. ఆఫీసు జాబితాను అది వరుసగా చదువుతుంది, లేని ఖాతా తెరుస్తుంది, గ్రూపులో చేరుస్తుంది, మొదటిసారి లోపలికి రాగానే పాస్‌వర్డ్ మార్చుకోమని అడుగుతుంది. ఆ జూన్‌లో దాన్ని నడిపి క్యాంటీన్‌కు వెళ్ళి టీ తాగి వచ్చేసరికి ఆరు వందల ఖాతాలు సిద్ధంగా ఉన్నాయి. రెండు వారాల పని. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. ఆఫీసులో జాబితాలు తయారు చేసే గుమాస్తా గారికి చెప్పాను. అన్నదమ్ములంతా బజారులో కిరాణా కొట్టు చూసుకుంటుంటే ఆయన ఒక్కడే ఉద్యోగంలోకి వచ్చాడు, రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాడు. అందరితో పాటు నేనూ బాబాయ్ అనే పిలుస్తాను. ఆయన అంతా విని, "మంచిదే అమ్మాయ్, మరి నీకిక పనేంది?" అన్నాడు.

పని మా డిపార్ట్‌మెంటు అధిపతి, హెచ్‌ఓడీ గారు చూపించారు.

"ఏందమ్మా, డిస్కు నిండిందని రోజూ మెసేజీ వస్తావుంది. పాసై పోయినోళ్ళ ఫైళ్ళు మనకెందుకు? తీసిపారెయ్."

"ముందు ఆ ఖాతాలు లాక్ చేసి పెడదాం సార్. ఒక సెమిస్టర్ చూసి అప్పుడు తీసేద్దాం."

"తాళం వేస్తే డిస్కు ఖాళీ అవుద్దా?"

అవదు. స్క్రిప్టుకు ఇంకో పది వరుసలు కలిపాను. జాబితాలో ఎవరి నంబర్ లేదో వాళ్ళ ఖాతాను, ఫోల్డర్‌తో సహా తుడిచేయమని.

మొదటి సెమిస్టర్ బాగానే గడిచింది. రెండో సెమిస్టర్ జాబితా శివరాత్రి సెలవులకు ముందు వచ్చింది. సెలవుల్లోగా ఖాతాలు సరిచేయమని హెచ్‌ఓడీ గారు రెండుసార్లు ఫోన్ చేశారు. పదకొండింటికి స్క్రిప్టు నడిపి, సెమినార్ హాల్లో మైకు పలకడం లేదంటే అటు వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి తలుపు దగ్గర గుంపు.

"మేడం, లాగిన్ అవట్లేదు."

"క్యాప్స్ లాక్ చూసుకోండి."

"ఒక్కళ్ళకి కాదు మేడం. మా సెక్షన్ మొత్తానికి అవట్లేదు."

సర్వర్ ముందు కూర్చుని ఫోల్డర్ల వరుస చూశాను. మా రోల్ నంబర్లలో ముందు చేరిన సంవత్సరం, తర్వాత బ్రాంచి అక్షరం, తర్వాత మూడంకెలు ఉంటాయి. కంప్యూటర్ వాళ్ళకు సి, మెకానికల్‌కు ఎం, ఎలక్ట్రానిక్స్‌కు ఇ. తెర మీద సి నంబర్లు అయిపోగానే నేరుగా ఎం నంబర్లు ఉన్నాయి. మధ్యలో ఇ లేదు. ఒక్కటి కూడా లేదు. రెండు వందల మంది పిల్లలు.

జాబితా తెరిచాను. 22E045 ఉండాల్సిన చోట 2.20E+46 ఉంది. దాని పైనా కిందా అలాంటివే. అంకెల మధ్య E అక్షరం కనబడగానే ఎక్సెల్ దాన్ని లెక్కల్లో వాడే పెద్ద సంఖ్య అనుకుని, 22 పక్కన నలభై ఐదు సున్నాలు ఉన్నాయని తనంతట తాను మార్చేసింది. సి జోలికి, ఎం జోలికి పోలేదు. నా స్క్రిప్టు ఆ వింత సంఖ్యలను చూసి, ఇలాంటి పేర్లతో ఖాతా తెరవలేనని రెండు వందల సార్లు మొత్తుకుంది. ఆ మొత్తుకోళ్ళన్నీ ఒక ఫైల్లోకి పోయేట్టు రాసింది నేనే. ఆ ఫైలు తెరిచి చూడనిదీ నేనే. తర్వాత అది తనకు చెప్పిన పని చేసింది. జాబితాలో లేనివాళ్ళను తుడిచేసింది.

ఆఫీసుకు పరుగెత్తాను.

"బాబాయ్, ఇదేంది? నంబర్లు ఇట్టా పంపావేంది?"

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. "నేను శుభ్రంగా ఇరవై రెండు ఇ నలభై ఐదు అనే కొట్టానమ్మాయ్. అదే మార్చుకుంది."

"పోయినసారి బాగానే ఉందిగా?"

"అది పాత షీటు. ఈ మధ్య కొత్త కంప్యూటర్ ఇచ్చారు గదా, అందులో మళ్ళీ మొదటి నుంచి చేశా. నాకేం తెలుసు?"

నిజమే, ఆయనకేం తెలుసు? గట్టిగా అరవాలని వెళ్ళినదాన్ని అరవడానికి ఎవరూ దొరక్క వెనక్కి వచ్చాను.

దసరా సెలవుల్లో అందరి ఫోల్డర్లూ ఒక పాత డిస్కులోకి కాపీ చేసి పెట్టాను, అదొక్కటే ఊరట. ఆ తర్వాత రాసిన ప్రోగ్రాములు కూడా పిల్లల రికార్డు పుస్తకాల్లో చేతిరాతలో ఉంటాయి గనక, తిట్టుకుంటూ మళ్ళీ టైపు చేసుకుంటారు. గుంపుకు అదే చెప్పాను. గొణుక్కుంటూ చెదిరిపోయారు. ఒక అమ్మాయి మాత్రం గోడవారగా నిలబడి ఉంది.

ఫైనలియర్ పిల్ల. పెదకూరపాడు వైపు పల్లెటూరు. తండ్రి కౌలుకు మిరప వేస్తాడు. ఆ చేలోనే ఒక చిన్న డబ్బా పాతింది తను. మట్టిలో తేమ ఎంతో, ఎండ ఎంతో చూసి, సిమ్ కార్డు ద్వారా అరగంటకు ఒక వరుస చొప్పున మా సర్వర్‌లోని తన ఫోల్డర్‌కు పంపుతుంది. అదే ఆమె ప్రాజెక్టు. సొంత ల్యాప్‌టాప్ లేదు. ఉన్నదంతా మా దగ్గరే ఉంది.

"మేడం, నా రీడింగులు కూడానా?"

"ఎప్పటి నుంచి పెట్టావు?"

"డిసెంబర్ నుంచి మేడం."

దసరా కాపీలో లేవు. లేవని చెప్పాను. ఆమె ఏడవలేదు. తెరవైపు చూసి, "డబ్బా ఇప్పుడు కూడా పంపుతానే ఉండి ఉంటది మేడం," అంది.

అప్పుడు నాకు బుర్ర పనిచేసింది. తుడిచేసిన ఫైలు అప్పటికప్పుడే మాయమవదు. దాని చోటు ఖాళీ అని రాసుకుంటారు, అంతే. పైన కొత్తది పడేదాకా పాత అక్షరాలు అక్కడే ఉంటాయి. సర్వర్ నడుస్తున్న ప్రతి నిమిషం ఏదో ఒకటి పడుతూనే ఉంటుంది. లేచి సర్వర్ ఆపేశాను.

పది నిమిషాల్లో హెచ్‌ఓడీ గారు వచ్చారు. జరిగింది చెప్పాను. "ఏందమ్మా ఇది? ఒక్క పిల్ల కోసం కాలేజీ మొత్తం ఆపుతావా?"

"తుడిచింది రెండొందల మందివి సార్."

"తుడవమని నేను చెప్పానా?"

చెప్పారు. కానీ ఆయన చెప్పింది పాసై పోయినవాళ్ళవి. సెలవుల తర్వాత మొదటి రోజుకు అన్నీ నడవాలని, లేకపోతే ప్రిన్సిపాల్ గారికి నన్నే సమాధానం చెప్పుకోమని వెళ్ళిపోయారు.

అందరూ శివరాత్రి తిరునాళ్ళకు పోతుంటే నేను ల్యాబ్‌కు పోయాను. ముందు డిస్కు మొత్తాన్ని ఇంకో డిస్కులోకి అచ్చుగుద్దినట్టు తీసుకోవాలి, తర్వాతే వెతుకులాట. దానికి ఏడెనిమిది గంటలు కావాలి. మా కాలేజీ ముందు రోడ్డు మీదుగా కోటప్పకొండకు వెదుళ్ళతో, రంగు దీపాలతో కట్టిన ప్రభలు పోతాయి. అంత ఎత్తు ప్రభ తీగలకు తగలకుండా కరెంటు తీస్తారు. మొదటి రోజు మూడు గంటలు కాపీ అయ్యాక కరెంటు పోయింది. యూపీఎస్ రెండు నిమిషాలు కీచుమని ఊరుకుంది. దాని బ్యాటరీలు మార్చమని ఏడాదిగా ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను. కరెంటు వచ్చాక మళ్ళీ మొదలుపెట్టాను. ఐదు గంటల తర్వాత ఇంకో ప్రభ. బయట డప్పులు, మైకులో పాటలు, జనం కేకలు. లోపల నల్లటి తెర ముందు నేను. ఆ డిస్కును కిటికీలోంచి రోడ్డు మీదకు విసిరేయాలనిపించింది.

మూడోసారి ఆదివారం పొద్దున మొదలుపెట్టాను. నకరికల్లు నుంచి అమ్మ ఫోన్ చేసింది. ప్రతి ఆదివారం చర్చిలో ఆరాధనకు అక్కడికే వెళ్తాను.

"ఏమే, బయల్దేరలేదా? దేవుడి పని కంటే పెద్దదా మీ కంప్యూటరు?"

"పెద్దదేం కాదమ్మా. చెడగొట్టింది నేను."

ఫోన్ పెట్టేసి మళ్ళీ తెర ముందుకు వచ్చాను.

ఆ రోజు కరెంటు నిలబడింది. సాయంత్రానికి కాపీ పూర్తయింది. ఫైళ్ళను వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ ముక్కలూ చెక్కలూ ఇచ్చింది, దేనికీ పేరు లేదు. అప్పుడు ఆ అమ్మాయికి ఫోన్ చేసి, డబ్బా పంపే వరుస ఎలా మొదలవుతుందని అడిగాను. ఇంగ్లీషు అక్షరాల్లో 'మిరప' అని ఉంటుందంది. డిస్కు మొత్తం మీద ఆ ఒక్క మాట కోసం వెతకమని కంప్యూటర్‌కు చెప్పి కూర్చున్నాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక వరుస. ఇంకో వరుస. ఆ తర్వాత చూస్తుండగానే తెర నిండా మిరప, మిరప, మిరప. ప్రతి వరుసలో తేదీ, సమయం ఉన్నాయి కాబట్టి క్రమంలో పేర్చడం కష్టం కాలేదు. పేర్చాక తెలిసింది. జనవరిలో పంతొమ్మిది రోజులు లేవు. వాటి మీద ఏదో పడిపోయింది. మళ్ళీ వెతికాను, ఇంకోలా వెతికాను. లేవు.

సెలవుల తర్వాత ఆ అమ్మాయిని పిలిచి చూపించాను. "చానా వచ్చినయ్ మేడం," అంటూ సంబరపడబోయి, ఖాళీ చూసి ఆగిపోయింది. అక్కడే నిలబడి తండ్రికి ఫోన్ చేసింది.

"నాన్నా, జనవరిలో మిరపకు ఎన్ని తడులు పెట్టావు?"

అటు నుంచి పెద్ద గొంతు నాకూ వినబడింది. "రెండు. పండగ ముందొకటి, పండగెళ్ళినాక ఒకటి. ఏం, నీ డబ్బా చెప్పలేదా?"

"చెప్పింది నాన్నా. ఇక్కడ పోయింది."

నేను ప్రింటర్‌లో కాగితాలు సర్దుతున్నట్టు నటించాను.

ఏప్రిల్‌లో ప్రాజెక్టు పరీక్షకు బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చారు. ప్రొజెక్టర్ కోసం నేనూ ఆ గదిలోనే ఉన్నాను. ఆ అమ్మాయి గ్రాఫు మధ్యలో తెల్లటి ఖాళీ, అందులో తండ్రి చెప్పిన రెండు తడులకు రెండు గుర్తులు.

"ఈ ఖాళీ ఏంటి?"

"ఆ రోజుల రీడింగులు పోయినయ్ సార్. ఉన్నట్టు గీయటం ఇష్టం లేక వదిలేశా."

"ఎలా పోయాయి?"

ఆమె నా వైపు చూడలేదు. "ఇంకో చోట దాచుకోలేదు సార్. నాదే పొరపాటు."

హెచ్‌ఓడీ గారు పక్కనే కూర్చుని ఉన్నారు. "ఆ అమ్మాయి పొరపాటు కాదు సార్," అన్నాను నేను. "సర్వర్‌లో నేను తుడిచేశాను. జాబితా సరిచూసుకోకుండా."

ఎగ్జామినర్ నన్ను, హెచ్‌ఓడీ గారిని, మళ్ళీ గ్రాఫును చూసి కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఏం రాశారో, ఎన్ని మార్కులు కోశారో నాకు తెలియలేదు. ఆ అమ్మాయి పాసైంది. వెళ్ళేటప్పుడు ల్యాబ్‌కు వచ్చి, "మీరు చెప్పకుండా ఉండాల్సింది మేడం, సార్ మిమ్మల్ని ఊరుకోరు," అంది.

ఊరుకోలేదు. "ఆటోమేషనూ వద్దు, ఏమీ వద్దు. ఇక నుంచి చేత్తోనే చెయ్," అన్నారు. ఆ జూన్‌లో మళ్ళీ ఆరు వందల పేర్లు చేత్తో కొట్టాను. మెడ పట్టేసింది. ఇద్దరికి ఒకే నంబర్ పడింది. ఒకరి ఫైళ్ళు ఇంకొకరికి కనబడి గొడవైంది. రెండో వారంలో హెచ్‌ఓడీ గారే తలుపు దగ్గరకు వచ్చి, గుంపును చూసి, "ఇంకా ఎన్నాళ్ళమ్మా? ఆ స్క్రిప్టు ఏమైంది?" అని అడిగారు. వద్దన్నది మీరే కదా అని నోటిదాకా వచ్చింది. ఆ సాయంత్రమే స్క్రిప్టు తెరిచి సరిచేయడం మొదలుపెట్టాను.

ఇప్పుడు స్క్రిప్టు ఏదీ తుడవదు. జాబితాలో లేని ఖాతాను లాక్ చేస్తుంది, ఫోల్డర్‌ను ఇంకో డిస్కులోకి పంపుతుంది. పది మందికి మించి తేడా వస్తే అక్కడికక్కడే ఆగి నన్ను అడుగుతుంది. వింత నంబర్ కనబడితే అసలు మొదలే పెట్టదు. ఆ రెండో డిస్కు నాలుగు ఉత్తరాలు రాస్తే వచ్చింది. యూపీఎస్ బ్యాటరీలు ఇంకా రాలేదు.

ఎక్సెల్‌లో నంబర్లు మారకుండా ఎలా కొట్టాలో బాబాయ్‌కు పక్కన కూర్చుని రెండుసార్లు చూపించాను. శ్రద్ధగా విన్నాడు, కాగితం మీద రాసుకున్నాడు కూడా. మొన్న కొత్త బ్యాచ్ జాబితా పంపానని ఫోన్ చేశాడు. వాట్సాప్ తెరిస్తే పదకొండు ఫోటోలు ఉన్నాయి.

"ఇదేంది బాబాయ్?"

"ఈసారి ఏదీ మార్చుకోకుండా ప్రింటు తీసి ఫోటోలు కొట్టానమ్మాయ్. ఇక దానిష్టం వచ్చినట్టు మార్చమను చూద్దాం!"

ఫోటోలు నా స్క్రిప్టుకు పనికిరావు, అయినా ఆ గొంతులో అంత సంతోషం విని "బాగుంది బాబాయ్" అన్నాను. మూడో ఫోటోలో సగం వరుసల మీద ఆయన బొటనవేలు ఉంది. కుర్చీ దగ్గరకు లాక్కుని, మొదటి నంబర్ నుంచి కొట్టడం మొదలుపెట్టాను.