చప్పుడు లేని బండి

కొబ్బరికాయల బస్తా వేసుకుని సైకిల్ తొక్కుతున్న ఒక ముసలాయన ఒకసారి నా కరెంటు బండిని దాటేశాడు. దాటినవాడు తన దారిన తాను పోకుండా, వెనక్కి తిరిగి, "తొయ్యాలేటమ్మా?" అని అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఉద్దానంలో సముద్రం ఒడ్డున మా ఊరు. నేను పనిచేసే జీడి ఫ్యాక్టరీ పలాసలో. మధ్యన పద్దెనిమిది కిలోమీటర్లు. బస్సు తనకు బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది కాబట్టి, మూడేళ్ల కిందట మా అత్త తన కొబ్బరి చెట్ల మీద వచ్చిన డబ్బుతో ఈ బండి కొనిపెట్టింది. లైసెన్సు అక్కర్లేని రకం, షాపులో ఉన్నవాటిలో అన్నిటికంటే చవక. మా ఆయన ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాత్ బోట్ల మీద వేటకు పోతాడు. ఇంట్లో ఉండేది అత్తా నేనూ. కోడలికి బండి ఎందుకని ఊరు నోరు చేసుకుంటే, "నా కోడలు, నా డబ్బులు, మీకేటి నొప్పి?" అని అందరి నోళ్లూ మూయించింది ఆవిడే.

బండి పలాస చేరడానికి గంటంబావు పట్టేది. ఏడింటికి మాకు కుళాయి నీళ్లు వస్తాయి. మా వైపు బోరు నీళ్లు తాగాలంటే కిడ్నీల భయం, కాబట్టి ఆ కుళాయి నీళ్లు పట్టకుండా గుమ్మం దాటడానికి లేదు. బిందెలు నిండేసరికి ఏడున్నర. తొమ్మిదికి ఫ్యాక్టరీ గేటు మూసేస్తారు. దారిలో రైలు గేటు పడిందా, నా పని అయిపోయినట్టే. ఒక పక్క కుళాయి, ఒక పక్క ఫ్యాక్టరీ గేటు, మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కలా మూడేళ్లు నలిగాను.

అప్పటికే రెండుసార్లు ఆలస్యమయింది. మూడోసారి అయితే మళ్లీ పాత షెడ్డుకే పంపిస్తానని మేనేజరు మొహం మీదే చెప్పాడు. పాత షెడ్డంటే జీడిగింజలు కొట్టే షెడ్డు. ఎనిమిదేళ్లు అక్కడే కూర్చున్నాను. జీడి రసం తగిలి వేళ్లు నల్లబడి, తోలు ఊడి, అన్నం కలుపుకుంటే మండేది. ఇప్పుడు పప్పు గ్రేడింగ్ బల్ల దగ్గర నాకు ఒక కుర్చీ ఉంది. ప్లాస్టిక్‌దే, ఒక కాలు కొంచెం వంకర. ఆ కుర్చీ పోతే నేను బతకలేననిపించేది.

అందుకని మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్‌లో బండి వీడియోలు చూసేదాన్ని. లిథియం బ్యాటరీ వేస్తే తేలిక, పెద్ద మోటారు వేస్తే స్పీడు, వెడల్పు టైర్లు వేస్తే ఇసకలో జారదు. పక్కన కూర్చునే ఆమె సీరియల్ చూసి కన్నీళ్లు పెట్టుకుంటుంటే, నేను మోటార్లు చూసి నిట్టూర్చేదాన్ని. చివరికి ఒక శనివారం పలాస పక్కనే కాశీబుగ్గలో బండి కొన్న షాపుకే వెళ్లి, పెద్ద మోటారుకు ఎంతవుతుందని మెకానిక్‌ని అడిగాను.

అతను హ్యాండిల్ మీద ఒకటి, రెండు, మూడు అని ఉన్న స్విచ్‌ని అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడ పెట్టినా బండి ఒకేలా నడుస్తుంది. అది అలంకారానికి పెట్టిందే అనుకుని నేను ఏనాడో వదిలేశాను. అతను ముందు డబ్బా విప్పాడు. లోపల ఒక వైరు శుభ్రంగా మడిచి, నల్ల టేపు చుట్టి ఉంది.

"మోటారెందుకప్పా? బండి మంచిదే. ఒకటో నంబరు దగ్గిరే ఉండిపోయేటట్టు కట్టీసినాం. మీ అత్త కట్టించినాది. కొన్న రోజే, నువ్వు టిఫినుకెళ్లినప్పుడు."

పైసా తీసుకోకుండా వైరు కలిపి ఇచ్చాడు. ఆ సాయంత్రం మూడో నంబరులో ముప్పావుగంటలో ఇల్లు చేరాను. దారి పొడుగునా గాలి మొహానికి కొడుతుంటే సంతోషం కలగాల్సింది, ఏడుపు వచ్చింది. మూడేళ్లు! నా వెనక నిలబడ్డదని నమ్మిన మనిషే నా కాలికి తాడు కట్టింది.

అత్త వాకిట్లో చేపలు ఎండబెట్టిన చాప చుడుతోంది. నన్ను చూసి, లోపలి గడియారం వైపు తిరిగి, మళ్లీ నన్ను చూసింది. అర్థమైపోయింది ఆవిడకి.

"ఎందుకు కట్టించావత్తా? నా కుర్చీ పోయినా నీకు పరవాలేదా?"

అరిచాననే చెప్పాలి. ఆవిడ చాప కింద పెట్టి కూర్చుంది.

"మీ మావ తెడ్డేసుకుని ఎల్లినన్నాళ్లూ మద్దినేలకి ఇంటికొచ్చీవోడు. ఇంజిను బిగించినాడు. ఇంకొంచెం దూరం, ఇంకొంచెం దూరం అన్నాడు. ఆ ఇంజిను సప్పుడు ఒడ్డుకి ఇనపడితే నేను పొయ్యి ముట్టించీదాన్ని. ఒకరోజు ఇనపళ్లేదు." నా బండి వైపు చూసింది. "నీ బండికి సప్పుడే లేదు. వత్తన్నావో లేదో నాకెలాగ తెలుత్తాది? మెల్లగ నడిత్తే రోజూ ఒకే ఏళకి వత్తావు, ఆ ఏళకి సూసుకుంటే సాలు అనుకున్నాను."

కలిపిన వైరు మళ్లీ విప్పనని మాత్రం చెప్పాను. విప్పమని ఆవిడా అనలేదు. కానీ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

సోమవారం సాయంత్రం కాశీబుగ్గలో ఆగి హారన్ కొన్నాను. లారీ వాళ్లు పెట్టుకునే రకం, నొక్కితే ఊరంతా లేచి కూర్చుంటుంది. లిథియం బ్యాటరీ గురించీ పెద్ద మోటారు గురించీ కలలు కన్న నేను నా బండికి చేయించుకున్న మార్పు అదొక్కటే. సాయంత్రం సరుగుడు తోట మలుపు దగ్గర మూడుసార్లు నొక్కుతాను, అత్త పొయ్యి ముట్టిస్తుంది. ఆవు మెడలో గంట యజమాని కడతాడు. నా గంట నేనే కొనుక్కున్నాను.

ఫ్యాక్టరీకి ఇప్పుడు అందరికంటే ముందు చేరుతున్నాను. కుర్చీ నిలబడింది. అయినా ఆ మలుపు వస్తుంటే ఒళ్లు మండేది. మొన్నామధ్య ఒకరోజు సాయంత్రం పది నిమిషాలు ఆలస్యమైనందుకు అత్త ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. వాచ్‌మన్ దారిలో ఉన్న నాకు ఫోన్ చేసి, మీ అత్త అడుగుతోందంటూ నవ్వాడు. ఆ కోపంలో హారన్ నొక్కకుండా వచ్చేశాను.

తలుపు తీసే ఉంది. పొయ్యి చల్లగా ఉంది. వెతుక్కుంటూ వీధి చివరి దాకా వెళ్లాను. నేను వచ్చేది రోడ్డు మీద. ఆవిడ నీళ్ల అంచున, చెప్పులు లేకుండా, సముద్రం వైపు చూస్తూ నిలబడి ఉంది.

"అత్తా" అన్నాను.

"సప్పుడు ఇనపళ్లేదు" అంది. నా చెయ్యి పట్టుకుంది, ఇల్లు చేరేదాకా వదల్లేదు.

ఇప్పుడు మలుపుకు చాలా ముందే నొక్కడం మొదలుపెడుతున్నాను.