చింతపండుతో తోమిన బుష్షు

నా చిన్నప్పుడు నేను చేసిన పనొకటి మా మేనమామతో చెప్పడానికి యాభై ఏళ్లు పట్టింది. మొన్న ఆయన మంచాన ఉంటే చెవి దగ్గరకు వంగి, "ఆ పాత బుష్షు తోమింది నేనే, తెలిసీ చెప్పలేదు మావయ్యా" అన్నాను. "తెలుసే పిచ్చిమొహమా, ఆ రోజే తెలుసు" అన్నాడు. మా ఇద్దరి మధ్య అవే చివరి మాటలు. మర్నాటికి ఆయన లేడు. ఆ మాట నుంచి నేనింకా తేరుకోలేదు.

మావయ్య దాచేపల్లి దగ్గర సున్నపురాయి క్వారీలో రాతికి కన్నాలు వేసే మిషను పట్టేవాడు. దాని మూతిలో ఇత్తడిలా పచ్చగా ఒక బుష్షు ఉంటుంది. రాయిని తొలిచే కడ్డీ అందులో బిగుతుగా నిలబడాలి. వాడగా వాడగా బుష్షు లోపల అరిగి కడ్డీ ఊగుతుంది. ఊగే కడ్డీ ఎప్పుడైనా విరగవచ్చు. అందుకే అరిగినదాన్ని తీయగానే సుత్తితో సొట్ట పెట్టేవాళ్లు, పొరపాటున ఎవరూ మళ్లీ వేయకుండా.

ఆ రోజు నేను అన్నం తీసుకుని వెళ్లేసరికి మిషను విప్పి ఉంది. గోనెపట్టా మీద పాత బుష్షు, పక్కనే నల్లటి జిడ్డుతో కొత్తది. పాతదానికి ఇంకా సొట్ట పెట్టలేదు. "అమ్మడూ, కొత్తదానికి జిడ్డు తుడువు, నాలుగు ముద్దలు తిని వస్తా" అని మావయ్య అటు వెళ్లాడు. నా ఒళ్లో నంజుకోవడానికి ఉప్పు చింతపండు ఉంది. ఇంట్లో బిందెలు తోమినట్టు రెండింటినీ తోమాను. అరిగి నునుపెక్కిన పాతదే బంగారంలా మెరిసింది.

ఇంతలో మేస్త్రి అరిచాడు: "ఏరా, తిండికే వచ్చావా? అవతల లారీలు నిలబడ్డాయిరా!"

మావయ్య పరుగున వచ్చి మెరిసేదాన్ని అందుకున్నాడు. "అబ్బో, ఏం మెరిపించావే!" అన్నాడు. అది పాతదని నాకు తెలుసు. చెబితే ఆ మెప్పు పోతుందని నోరు మూసుకున్నాను.

కాసేపటికే కడ్డీ విరిగింది. మిషను పక్కకు ఒరిగి మావయ్య కుడిచెయ్యి రాతికి నలిగింది. రెండు వేళ్లు పోయాయి. ఆ చేతికి తువ్వాలు చుట్టుకుని, ఊడిపడిన బుష్షును ఎడమచేత్తో తీశాడు. దాని గాడిలో ఏదో గోటితో గీకి పారేశాడు. "తొందరలో పాతదే వేశానండీ, తప్పు నాదే" అన్నాడు మేస్త్రితో.

"కళ్లు నెత్తికెక్కాయిరా నీకు! రేపటి నుంచి రాకు" అన్నాడు మేస్త్రి.

ఆయన ఇక మిషను పట్టలేదు. ఎడమచేత్తో పత్తి తీసి పిల్లల్ని పెంచాడు. తప్పు నా మీదికి రాకుండా ఆయన గోటితో గీకింది చింతపండు పీచని నాకు మొన్ననే వెలిగింది. ఇన్నేళ్లూ ఆయనకు తెలియదనుకుని నేను బతికాను. తెలిసీ, ప్రతి పండక్కీ నా చేత్తో పెట్టిన అన్నం తిని వెళ్లాడాయన.

మా ఆయన పోయాక మిరప చేను నేనే చూసుకుంటున్నాను. పంట అమ్మే రోజున రంగు పోయిన తాలుకాయ బస్తాలు ముందుగా విప్పి చూపిస్తాను. "పిచ్చిదానివా, మంచి కాయ పైన పెట్టుకోవే" అని నవ్వుతారు. నవ్వనీ. తెలిసిన లోపం దాచి ఒకరి చేతిలో పెట్టడం నా వల్ల కాదు.

నేను చెబుతుంటే ఇది రాస్తున్నది ఆ మావయ్య మనవరాలే. ఏమ్మా, కలం ఆపేశావేం? ఏడిస్తే ఏడువు, తిడితే తిట్టు. ముందు మొదటి నుంచీ చదివి వినిపించు. ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొచ్చి ఉంటే కొట్టేద్దాం.