సమ్మన్న గోటి చప్పుడు

నవ్వేవాళ్ళుంటే ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు కోపం వస్తుంది, చెప్పడం ఆపేస్తాను. నేను దయ్యాలూ గియ్యాలూ నమ్మే మనిషిని కాదు. కాలేజీ ల్యాబులో పనిచేస్తాను. తీగ తెగితే అతికించడం, బల్బు పోతే మార్చడం, ఇదే నా బతుకు. కానీ ఆ రాత్రి నా చెవులతో నేను విన్నాను. నా పిల్లల మీద ఒట్టు... విన్నాను.

మాది మహబూబాబాద్. ఇక్కడ మాకొక హామ్ రేడియో క్లబ్బు ఉంది, సొంత సెట్ల మీద దూరపు ఊళ్ళవాళ్ళతో మాట్లాడుకునే సరదా. క్లబ్బంటే పెద్దగా ఊహించుకోకండి. మా మేడ మీది రేకుల గది, ఒక టేబులు, రెండు రేడియో సెట్లు, పైన వెదురుబొంగుకు కట్టిన ఏరియల్ తీగ. అంతే. ఆదివారం రాత్రి భోజనాలయ్యాక జనగామ నుంచి రాజన్న అందరినీ వరసగా పిలుస్తాడు. పిలవడమంటే పేరు పెట్టి కాదు. లైసెన్సుతో పాటు ప్రభుత్వం ఒక్కొక్కరికి కొన్ని అక్షరాల గుర్తు ఇస్తుంది. కాల్‌సైన్ అంటాం. రేడియోలో అదే మన పేరు. భూపాలపల్లి నుంచి బొగ్గుగనిలో పనిచేసే శ్రీనివాస్ పలుకుతాడు. ఇక్కడి నుంచి నేను. గార్ల నుంచి సమ్మన్న. వాన ఎంత పడింది, ఎవరి తీగ తెగింది, కొత్త పిల్లలకు లైసెన్సు పరీక్ష ఎప్పుడు రాయిద్దాం... ఇవే మాటలు. మా ఆవిడ దృష్టిలో ఇదంతా పనీపాటా లేని యవ్వారం.

సమ్మన్న బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఏళ్ళ తరబడి ఊళ్ళ పేర్లు అరిచిన గొంతు. ఆ గొంతులోనే క్యాన్సరు వచ్చింది. ఆపరేషన్ చేశారు, ప్రాణం నిలిచింది, మాట పోయింది. రాసి చూపిద్దామంటే భార్య కమలక్కకు చదువు రాదు. సైగలు చేస్తే సగమే అర్థమయ్యేది, మిగతా సగానికి పోట్లాట.

ఆ మనిషికి మోర్స్ దారి చూపింది. వేలితో మీట నొక్కుతూ, చుక్కలతో గీతలతో అక్షరాలు పంపడం. నోటితో పనిలేదు. గార్లలో ఆయన మీట కొడితే ఇక్కడ నేను వినేవాణ్ణి. విని కమలక్కకు ఫోన్ చేసేవాణ్ణి. అక్కా, అన్న చాయ్ అడుగుతున్నడు, చక్కెర తక్కువ వెయ్యమంటున్నడు అని. ఆమె ఎక్కడుంటుందనుకున్నారు? పక్కనే, వంటింట్లో. గోడ అవతలి పెళ్ళానికి మాట చేరాలంటే అది మా ఊరి దాకా వచ్చి పోవాలి. ఎంత నవ్వుకునేవాళ్ళమో. ఇద్దరి అలకలూ నా మీదుగానే నడిచేవి. నేనేమన్నా మీ పోస్ట్‌మ్యాన్‌నా అని విసుక్కునేవాణ్ణి. సాయంత్రమైతే మాత్రం ఆ పిలుపు కోసమే చూసేవాణ్ణి.

మోర్స్‌లో ఒక పద్ధతుంది. ముందు అవతలివాడి కాల్‌సైన్ కొట్టాలి. తర్వాత తనది. ఆగాలి. అవతలివాడు 'చెప్పు' అని ఒక్క అక్షరం పంపితేనే అసలు మాట మొదలుపెట్టాలి. జవాబు రాకపోతే మళ్ళీ పిలవాలి. సమ్మన్న ఈ పద్ధతి ఎప్పుడూ తప్పలేదు. టికెట్లు కొట్టడం పూర్తికానిదే బస్సు కదలనివ్వని మనిషి ఆయన.

పోయిన వానాకాలం రోగం తిరగబెట్టింది. వరంగల్ దవాఖానలో చేర్చారు. మళ్ళీ ఇంటికి రాలేదు.

మావాళ్ళలో ఎవరైనా పోతే ఒక ఆనవాయితీ. ఆదివారం వరసలో వాళ్ళ కాల్‌సైన్‌ను ఆఖరిసారి పిలుస్తాం. మూడుసార్లు. ఎవరూ పలకరు. కాసేపు అందరం నోరెత్తకుండా, మీట ముట్టకుండా ఉంటాం. దినాలు అయ్యాక వచ్చిన ఆదివారం అది పెట్టుకున్నాం. తాను కూడా వింటానని కమలక్క సాయంత్రం రైలుబండికి మా ఇంటికి వచ్చింది.

సన్నటి వాన. రేకుల మీద టపటపా. కుర్చీ వేస్తే వద్దని చాప మీద కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"తమ్మీ, ఆఖరి రాత్రి ఆయన మంచం ఇనుప పట్టె మీద గోరుతోటి కొట్టుకుంట, గీకుకుంట ఉన్నడు. వణుకుడనుకున్న. చేతికి సూది ఉండె. ఊసిపోతదని ఆ చెయ్యి గట్టిగ పట్టుకున్న. పానం పోయేదాక ఇడువలే. ఆయన నాకేమన్న చెప్పిండా?"

అది వణుకు కాదు. కొడితే చుక్క, గీకితే గీత. మీట లేదు కాబట్టి గోరుతో మాట్లాడుతున్నాడు. ఆ సంగతి ఆమెకు ఎలా చెప్పను? చెప్పక్కర్లేకపోయింది. నా ముఖం చూసే ఆమెకు అర్థమైపోయింది.

ఎలా కొట్టాడో చూపించమన్నాను. టేబులు మీద గోటితో కొట్టింది... గీకింది... మళ్ళీ కొట్టింది. ఒక్క అక్షరం కూడా కుదరలేదు. యాదికొస్తలేదు అని ఏడ్చింది. ఆయన ఏం చెప్పబోయాడో తెలియకుండా ఎలా బతకాలి అని ఒకటే ఏడుపు.

ఇంతలో సెట్లో రాజన్న గొంతు. వరస మొదలైంది. శ్రీనివాస్ పలికాడు. నేను పలికాను. అందరూ అయ్యాక... సమ్మన్న కాల్‌సైన్. ఒకసారి. రెండోసారి. మూడోసారి.

ఇక ఎవరూ మాట్లాడలేదు. సెట్లో సన్నటి హోరు. రేకుల మీద వాన. అంతే.

అప్పుడు... టక్.

మోర్స్ అంటే మామూలుగా సెట్లోంచి సన్నటి కూత వినిపిస్తుంది. ఇది కూత కాదు. ఇనుము. మైకు పక్కనే ఎవరో ఇనుప పట్టె మీద గోటితో... టక్. టక్. గీ...ర్ర్ర్. కాస్త ఆగి... మళ్ళీ టక్.

నా చెయ్యి దానంతటదే పెన్సిల్ అందుకుంది. మొదటి అక్షరం రాశాను. రెండోది. అది నా కాల్‌సైన్. దాని తర్వాత ఆయనది. ఆఖరి గీతను బాగా సాగదీశాడు. కండక్టరు ఈల అని మేము ఆయన్ను ఏడిపించేది ఆ గీత గురించే. తర్వాత... ఆగింది. మళ్ళీ నాది. మళ్ళీ ఆయనది. ఆగింది.

జవాబు కోసం ఆగుతున్నాడు.

నా వేలు మీట మీదే ఉంది. నొక్కలేకపోయాను. అబద్ధం ఎందుకు, భయమేసింది.

మూడోసారి మొదలైంది. టక్. గీర్ర్. టక్... నా కాల్‌సైన్ సగంలో ఉండగా... ఠక్కున తెగిపోయింది.

కమలక్క లేచి నిలబడింది. ఆమె చూపు సెట్టు మీదే ఉంది.

"ఈడనే తమ్మీ. ఈడనే నేను చెయ్యి పట్టుకున్న."

అప్పుడు కదిలింది నా వేలు. గీత, చుక్క, గీత. 'చెప్పు' అని కొట్టాను. హోరు. మళ్ళీ కొట్టాను. హోరు తప్ప ఇంకేమీ లేదు. ఏమన్నాడని అడిగింది. నన్ను పిలిచాడని చెప్పాను. ఆమె ముఖం వాడిపోయింది.

"నన్ను కాదా?"

"అక్కా, నీకేమన్న చెప్పాల్నంటేనే గద ఆయన నన్ను పిలిచేది."

అక్కడే కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ కన్నీళ్ళు ఆగలేదు.

మైకు తీసి అందరినీ అడిగాను. రాజన్న నా 'చెప్పు' తప్ప ఇంకేమీ వినలేదట. మౌనంలో మీట ఎందుకు కొట్టావని నన్ను కోప్పడ్డాడు. శ్రీనివాస్ ఏదో గరగర విన్నానన్నాడు, తీగ తడిసిందనుకున్నాడట. తడిసిన తీగే కావచ్చు. ఆమె టేబులు మీద కొట్టిందే నా చెవుల్లో మిగిలి ఉండొచ్చు. కానీ ఆమె కొట్టినదాంట్లో ఒక్క అక్షరం లేదు కదా... మరి నేను రాసుకున్నవి ఎక్కడి నుంచి వచ్చాయి?

అందరూ సెట్లు ఆపేశారు. నేను ఆపలేదు. చెప్పు... చెప్పు... కొడుతూనే ఉన్నాను. వాన వెలిసింది. స్టేషన్లో ఏదో బండి ఆగి వెళ్ళిపోయింది. చెప్పు సమ్మన్నా, వింటున్నాను, ఇద్దరం వింటున్నాం... చివరికి కమలక్కే వచ్చి నా చేతి మీద చెయ్యి వేసింది.

"సాలు తమ్మీ. గంతగనం అడిగితే అలిసిపోతడు."

అది సమ్మన్నేనా? ఏమో... నాకిప్పటికీ తెలియదు. ఆయనే అయితే మాత్రం, చెప్పాలనుకున్నది ఇంకా ఆయన దగ్గరే ఉంది.