చేప టీచరు ముఖాన తెల్లపూత

తెల్లని ముఖం కనబడితే మురిసిపోయే మనుషులు, ఒక మనిషి ముఖానికి తెల్లని మందు పూసుకుంటే ఎందుకు జడుసుకుంటారు? ఇన్ని పుస్తకాలు చదివాను, ఈ వయసుకొచ్చాను. జవాబు మాత్రం దొరకలేదు.

మా చెల్లెలు పైకప్పు లేని స్విమ్మింగ్ పూల్‌లో పిల్లలకు ఈత నేర్పేది. పిల్లలు ఆమెను చేప టీచరు అనేవారు. ఆమెకు కళ్ల చుట్టూ, పెదవుల పక్కన బొల్లి మచ్చలు. ఆ చోట రంగు లేదు కనుక ఎండకు అడ్డూ లేదు. కాస్త ఏమరితే కమిలి బొబ్బలెక్కేవి. అందుకే చర్మం డాక్టరు చెప్పినట్టు నిండుచేతుల ఈతదుస్తులు, వెడల్పు అంచు టోపీ, ముఖానికి జింక్ ఆక్సైడ్ దండిగా ఉన్న చిక్కటి పూత. గోడకు సున్నం కొట్టినట్టు పూసుకునేది. రెండు గంటలకోసారి, తువ్వాలుతో తుడుచుకున్నప్పుడల్లా, మళ్లీ పూసేది. ఆ ముఖం చూసి పిల్లలు కిలకిలా నవ్వుతూ నీళ్లలోకి దూకేవారు.

జడుసుకున్నది పెద్దవాళ్లు. ఒకావిడ తన కూతురు భయపడుతోందని మేనేజరుకు ఫిర్యాదు చేసింది. మర్నాడే ఆయన ఒక కొత్త సన్‌స్క్రీన్ ట్యూబు తెచ్చి చెల్లెలి చేతిలో పెట్టాడు. రాస్తే కనబడదట. ఇకమీదట అదే వాడాలట.

"అక్కా, కళ్లద్దాలు పెట్టుకుని ఇది చదువు," అని దాన్ని నా ఒళ్లో పడేసింది. పొట్లం కాగితాలు కూడా వదలకుండా చదివే అలవాటు నాది. ముందువైపు పెద్దక్షరాల్లో ఎస్‌పీఎఫ్ యాభై, అంటే ఎండను ఆపే లెక్క. వెనకాల చీమ తలకాయలంత అక్షరాల్లో పరిమళం, నోరు తిరగని రసాయనాల పేర్లు. జింక్ లేదు. నీళ్లలో ఎంతసేపు నిలుస్తుందో రాయలేదు. ఆ యాభై కూడా ప్రధానంగా పైచర్మాన్ని కమిలించే కిరణాల లెక్క. లోలోపలికి దిగే కిరణాల ఊసే లేదు.

"ఇది ఫొటో దిగడానికి పనికొస్తుందే, ఈతకి కాదు," అన్నాను.

"ఉద్యోగం కదా, ఒక్కపూట చూస్తా."

ఆ పూటే తేలిపోయింది. రెండు మునకలకే పూత కరిగి కళ్లలోకి దిగింది. ఒకటే మంట. లోతు వైపు ఉన్న పిల్ల మసకగా తప్ప కనబడటం లేదు. హడలిపోయి అందర్నీ గట్టెక్కించేసింది. మధ్యాహ్నానికి పై పెదవి బొబ్బలెక్కింది. ఫోన్ చేసి, ఇంట్లో ఉన్న పాత డబ్బా పట్టుకురమ్మంది. నేను వెళ్లేసరికి మేనేజరు గదిలో నిలబడి ఉంది.

"దీంట్లో యాభై అని ఉంది కదండీ. మీదేమో ముప్పై," అంటున్నాడాయన.

"నీళ్లలో కొట్టుకుపోయాక యాభై అయితే ఏంటి, అయిదొందలైతే ఏంటి?"

"పోనీ రెండూ కలిపి రాయండి. ఎనభై అవుతుంది."

"మీరు రెండు చెప్పులూ ఒకే కాలికి తొడుక్కుని ఇంటిదాకా పరుగెత్తండి. అప్పుడు రాస్తా."

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. చెడ్డవాడు కాడు, నాకు ఒళ్లు మండింది అందుకే. "అంత కష్టమైతే టిక్కెట్ల గదిలో కూర్చోండి. నీడపట్టున ఉంటారు, జీతమూ అదే." ఆ గది కిటికీకి నల్లద్దం. చెయ్యి పట్టే సందు తప్ప లోపలి మనిషి కనబడదు.

"నాకు నీడ కోసమా, మీకు నా మొహం కనబడకుండానా?"

"నీళ్లలోకి దిగాలంటే మాత్రం ఆ తెల్లది వద్దండి. నా మాట కాదు, నలుగురి మాట."

"ఆ నలుగురూ వచ్చి నా మూతి మీది బొబ్బలు పంచుకుంటారా?"

నా చేతిలోని డబ్బా లాక్కుంది. ఆయన ఎదురుగానే మూత తీసి నుదుటికి, ముక్కుకు, చెవి తమ్మెలకు, మెడ వెనక్కి పొర మీద పొర పూసింది.

మధ్యాహ్నం తరగతి పిల్లలు గట్టున కాళ్లూపుతూ కూర్చున్నారు. "దిగండ్రా!" అని తానూ దూకింది. ఫిర్యాదు చేసినావిడ తువ్వాలు పట్టుకుని, "వచ్చెయ్, చాలు," అని కూతుర్ని కేకేసింది. ఆ పిల్ల వింటేనా! టీచరు చేతులు పట్టుకుని నీళ్లు చిమ్ముతూ కాళ్లాడిస్తూనే ఉంది. మేనేజరు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

తరగతి ఒక్క నిమిషం కూడా తగ్గించలేదు. ఆఖరి పిల్లను గట్టెక్కించాక తానూ ఎక్కింది. నేను తువ్వాలు చాపాను, తీసుకోలేదు. టోపీ నెత్తిన పెట్టుకుని, నీళ్లోడుతూ, మేనేజరు ముందునుంచే నడిచి గేటు దాటింది. ఇక రానని పిల్లలకు చెప్పలేదు. నాకూ చెప్పలేదు.