ఎండ చూడని ఇసుక

ఆ రోజుల్లో నాకు దయ్యాల మీద నమ్మకం లేదు, భయం మాత్రం దండిగా ఉండేది. ఎమ్మెస్సీ అయ్యీ అవగానే ఇసుక వయసు తేల్చే ఒక ప్రయోగశాలలో తాత్కాలిక ఉద్యోగం దొరికింది. (ఇసుకకు వయసేమిట్రా అని మా నాయన నాయుడుపేటంతా వినబడేలా నవ్వాడు.) ఇసుక రేణువు ఒక స్ఫటికం. లోపల పరమాణువులు బడిలో ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లా వరుసగా ఉంటాయి గానీ, అక్కడక్కడా ఒక ఆక్సిజన్ గైర్హాజరు, ఒక సిలికాన్ చోట అల్యూమినియం దొంగ హాజరు. నేలలోంచి వచ్చే కిరణాల తాకిడికి చెదిరిన ఎలక్ట్రాన్లు ఆ లోపాల్లో చిక్కుకుని, చీకట్లో ఏళ్లకేళ్లు పోగవుతాయి. ఎండ సోకిందా, అన్నీ జారుకుంటాయి. ప్రయోగశాలలో వాటిని మిణుకుమనిపించి కొలిస్తే, ఆ రేణువు ఎండ చూసి ఎంతకాలమైందో తెలుస్తుంది.

మా పెద్దసారు నన్ను మొదటిసారి ఒంటరిగా పంపింది తోటపల్లి గూడూరు దగ్గరి ఒక ఇసుకదిబ్బకు. మర్నాడు దాన్ని చదును చేసి రొయ్యల గుంటలు తవ్వుతారు. "పైపులోకి వెలుగు పోయిందంటే నువ్వు అటే ఊరికి పో" అన్నాడు. సారు హాస్యమాడే మనిషి కాదు. దిబ్బ పక్కన గొయ్యి తవ్వి, పైన నల్ల టార్పాలిన్ కప్పుకుని, ఎలక్ట్రాన్లను కదపని ఎర్ర టార్చి వెలుగులో ఇనుప పైపును ఇసుక గోడలోకి దిగ్గొట్టి తీయాలి. జీపు తోలుకొచ్చిన డ్రైవరన్న అంచుల మీద ఇసుక పోసి టీకి పోయాడు. బయట మిట్టమధ్యాహ్నం. లోపల ఎర్రటి చీకటి, నా ఊపిరి చప్పుడు.

పైపు బయటికి లాగాను. మూత ఇంకా బిగించలేదు. అప్పుడు నా తలకు జానెడు దూరంలో ఎవరో మాట్లాడారు.

"అమ్మా, పడుకోనుండావా?"

సుత్తి కింద పెట్టాను (పెట్టలేదు, అదే జారిపోయింది).

"రేపు మిషన్లొస్తాయంటమ్మా. ఎండ మీద పడతాది. బెదరబాక."

టార్పాలిన్ మెల్లగా లోపలికి ఉబ్బింది. ఐదు వేళ్లు. అవి నిమురుతూ నిమురుతూ నా ముఖం దాకా వచ్చి ఆగాయి. దేవుణ్ణి తలుచుకుందామంటే ఒక్క శ్లోకమూ నోటికి రాలేదు. హైడ్రోజన్, హీలియం, లిథియం అని జపించాను. చించుకుని పరుగెత్తితే ప్రాణం దక్కుతుంది, ఉద్యోగం పోతుంది. పైపు మూతికి అరచేయి అడ్డం పెట్టి, దాన్ని చంటిబిడ్డలా హత్తుకుని కూర్చున్నాను. ఎలాగో మూత బిగించాక, "ఎవరూ?" అన్నాను. ఆ గొంతు నాదని నాకే తెలియలేదు. బయట కెవ్వుమని కేక.

పైకి వస్తే ఇసుకలో చతికిలబడ్డ ఒక అవ్వ, ఆమెను లేవనెత్తుతున్న డ్రైవరన్న. "టీ కొట్టుకాడ అవ్వకు నేనే చెప్పినా సార్, ఈ ఇసక అన్నీ గుర్తుపెట్టుకుంటాదని" అన్నాడు నేలచూపులు చూస్తూ. ఒకప్పుడు ఆ దిబ్బ మీద వాళ్ల చర్చి సమాధులు ఉండేవట. తుఫానుకు సిలువలు కొట్టుకుపోయాక, ఆనవాళ్లు లేవని ఎవరూ అవ్వ మాట వినలేదు.

"మా అమ్మ పెట్టె మీద నేనూ పిడికెడు ఇసక ఏసినా అబ్బయ్యా, చిన్నపిల్లప్పుడు. అదీ గుర్తుపెట్టుకోనుంటాదా?"

"ఉంటుందవ్వా. అది ఆఖరుసారి ఎండ చూసింది నీ చేతిలోనే."

అవ్వ తన అరచేతిని చాలాసేపు చూసుకుంది. నాకు ఏడుపొచ్చింది.

రెండో పైపు వాళ్లమ్మ సమాధి అని ఆమె చూపించిన చోట దిగ్గొట్టాం. అవ్వ కూడా నాతో టార్పాలిన్ కిందికి వచ్చి, ఎర్రటి వెలుగులో కన్నార్పకుండా కూర్చుంది.

"దీన్ని కొలిస్తే ఏమైతాది?"

"లోపల దాగినదంతా ఒక్కసారి వెలిగి, అయిపోతుంది."

"అయితే కొలవబాక" అని, మూత బిగించిన పైపును ఒళ్లోకి లాక్కుంది.

పోయిన ఏడాది మళ్లీ అటు వెళ్లాను. ఇప్పుడు నేనే పెద్దసారుని, కుర్రవాళ్లను ఊరికి పొమ్మని బెదిరించేది నేనే. దిబ్బ ఉన్నచోట రొయ్యల గుంటలు. ఊళ్లో, పండుముసలైపోయిన అవ్వ మంచం కింద, నల్లగుడ్డ చుట్టిన ఆ పైపు. నా చేయి ఊరుకోలేదు.

"ఇప్పుడు మంచి మిషన్లు వచ్చాయవ్వా! నాలుగు రేణువులు చాలు" అన్నాను గట్టిగా.

అవ్వ పెదవుల మీద వేలు పెట్టింది. "అమ్మ నిదరబోతా ఉండాది. మెల్లిగా మాట్లాడు."

ఇన్ని స్ఫటికాల లోపాలు లెక్కగట్టిన పెద్దమనిషిని, గొంతు తగ్గించాను.