జీడి ఏరినట్టే

మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తు పిన్నిగారు మొన్న ఆదివారం పొద్దున్న పోయారు. నూజివీడులో తరాలుగా మామిడి వ్యాపారం చేసిన ఇంటి కోడలు. నాకు చుట్టరికం లేదు. అయినా సొంత పిన్ని పోయినంత ఏడుపొచ్చింది.

మేం ఇక్కడికి వచ్చిన కొత్తలో అందరి చెత్తా వెనక ఖాళీ స్థలంలోకే వెళ్ళేది. సాయంత్రమైతే ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీసేవారు. ఆ పొగకి మా పాపకి ఆయాసం ఎగదన్నేది. ఒకరోజు పిన్నిగారు పాప పక్కన కూర్చుని వీపు నిమిరి వెళ్ళిపోయారు. మర్నాడు సెల్లార్‌లో రెండు డబ్బాలు వెలిశాయి, తడిచెత్తకొకటి, పొడిచెత్తకొకటి.

మా సెక్రటరీ గారు మొహం చిట్లించారు. "మున్సిపాలిటీ వాళ్ళు చూసుకుంటారు. మనకెందుకండీ ఈ గోల?"

"మీ ఆవకాయ కూడా మున్సిపాలిటీ వాళ్ళే వచ్చి కలుపుతారేంటమ్మా?" అన్నారు పిన్నిగారు.

మామిడికాయల రోజులు రాగానే అసలు గొడవ మొదలైంది. టెంక గట్టిగా ఉంటుంది కాబట్టి పొడిచెత్తేనని అందరూ చీకిన టెంకలన్నీ పొడి డబ్బాలోనే వేశాం. అడుగున కాగితాలూ అట్టపెట్టెలూ కుళ్ళి కంపు కొట్టాయి. చెత్త బండివాళ్ళు మేం తీసుకోం అన్నారు. డబ్బాలు ఎత్తేస్తానని సెక్రటరీ గారు తేల్చేశారు.

ఆ మధ్యాహ్నం ఆడవాళ్ళమంతా సెల్లార్‌లోనే ఆవకాయకి కాయలు కొడుతున్నాం. పిన్నిగారు వచ్చి మా మధ్య చతికిలబడ్డారు.

"ముక్క ముక్కకీ టెంక ఉంచి, లోపలి జీడి ఏరి పారేస్తున్నారు. ఒక్క జీడి కలిసినా వగరని భయం. ఇంత తేడా తెలిసినవాళ్ళకి మామిడి టెంకకీ అట్టపెట్టెకీ తేడా తెలీదంటే నేను నమ్మాలా?"

అందరికంటే ముందు సెక్రటరీ గారే ఫక్కున నవ్వారు. డబ్బాలు ఉండిపోయాయి.

ఆవిడ పద్ధతులు ఆవిడవి. తప్పు డబ్బాలో పడిన వస్తువుని కడిగి మరీ ఇంటికి తెచ్చి ఇచ్చేవారు. "నీ పెరుగు డబ్బా కింద మర్చిపోయావమ్మా!" నాకు ఒళ్ళు మండేది. నోరు తెరిచేలోగా చేతిలో రెండు రసాలు పెట్టేవారు. ఇక ఏమని దెబ్బలాడతాం?

ఆ స్థలంలో మంటలు ఆగాయి. పాప ఆయాసం తగ్గింది. ఆ రుణం నేనెప్పుడూ నోరు తెరిచి చెప్పలేదు, చెప్తే ఆవిడ కసురుకునేవారు.

కిందటి నెల ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని, "నేను పోతే మళ్ళీ అగ్గిపుల్ల గీస్తారేమోనమ్మా" అన్నారు. ఊరుకోండి పిన్నిగారూ అన్నాను గానీ, నాకూ అదే భయం.

ఆదివారం మగవాళ్ళు పిన్నిగారిని తీసుకెళ్ళాక, సెల్లార్ నిండా తీసేసిన దండలూ నీళ్ళ సీసాలూ మిగిలాయి. కడిగేసి, స్నానాలు చేసి ఇళ్ళలోకి వెళ్ళాలి. "ఇవన్నీ వెనక స్థలంలో పడేసి నిప్పంటిద్దాం" అంది ఒకావిడ.

సెక్రటరీ గారు కొంగు బొడ్లో దోపుకుని నేల మీద కూర్చున్నారు. ఒక దండ ఒళ్ళోకి లాక్కున్నారు.

"దారం ప్లాస్టిక్‌దండీ. పూలతో కలిపి వెయ్యకూడదు."

ఒక్కొక్కరమే చుట్టూ చేరాం. చామంతులు ఒకవైపు, దారాలు ఒకవైపు, ఏడుస్తూనే దూశాం.