తమ్ముడని చెప్పిన మనిషి

భర్త పోయిన స్వరూప, శంషాబాద్‌లో ఒక హోటల్లో గదులు సర్దేది. అక్కడే వంటచేసే యాదగిరితో ఆరేళ్లుగా కలిసి బతుకుతోంది. వేరే కులంవాణ్ని చేసుకుంటే అన్నలు బతకనివ్వరని పెళ్లి చేసుకోలేదు. ఇంటి యజమానురాలు అనంతమ్మకు అతణ్ని తమ్ముడని చెప్పింది.

యాదగిరికి న్యూజిలాండ్‌లో కొలువు దొరికింది. పెళ్లి కాకపోయినా ఆమెను తీసుకుపోవచ్చు, కానీ ఇద్దరూ ఆలుమగల్లా ఉన్నారని తెలిసినవాళ్లు రాసివ్వాలన్నారు వీసావాళ్లు. స్వరూప తలవంచుకుని అనంతమ్మకు నిజం చెప్పింది.

"నాకెప్పుడో ఎరుకే బిడ్డా. నీకు జ్వరమొచ్చినప్పుడు వాడు తెల్లార్లు నీ పక్కనే కూసున్నడు గదా. కానీ సంతకం పెడితే, రేపు నీ అన్నలు నా మీదికొస్తే నేనేం జెయ్యాలె?"

అనంతమ్మ సంతకం పెట్టలేదు, స్వరూప బతిమాలలేదు. రుజువులు చాలవని స్వరూపకు వీసా ఇవ్వలేదు. తానూ పోనన్నాడు యాదగిరి.

"నువ్వన్నా పో. ఇక్కడ ఎన్నేండ్లు గిట్ల దాక్కొని బతుకుతం?" అని ఆమే పంపింది.

విమానాశ్రయం తలుపు దగ్గర, అందరి ముందూ అతని చేయి పట్టుకుని ఏడ్చింది.

ఇంటికొచ్చాక అనంతమ్మ అన్నం తెచ్చిపెట్టింది. స్వరూప అన్నం కలుపుతూ కూర్చుంది. ఆ ముసలామె మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.